నేను సరే అన్న కారు

నేను సరే అన్న కారు మూడో రోజున రోడ్డు దిగి సోయా చేనులో పడింది. నడుపుతున్నది డెబ్బై ఏళ్ళ ఆడమనిషి. ఫోన్లో ఆ మాట విన్నప్పుడు నా చేతిలో చాయ్ గ్లాసు ఉంది. కాసేపటికి మా ఆవిడ సుశీల గాజు పెంకులు ఊడుస్తుంటే "ఇవి ఎక్కడివి?" అని అడిగానట. ఆ సంగతి నాకు గుర్తు లేదు.

ఈ ఏడాది పని మానేశాను. నాందేడ్‌లో నలభై ఏళ్ళకు పైగా పాత కార్ల కింద వెల్లకిలా పడుకుని బతికినవాణ్ణి. ఈమధ్య ఇంజినీరింగ్ చదివిన పిల్లలు కొందరు ఇంటికి వచ్చి, "కాకా, పాత కార్ల పని మేమూ మొదలు పెడుతున్నాం, మీ అనుభవాలు చెప్పండి" అని అడుగుతున్నారు. చెప్పమంటే అందరూ తాము గెలిచిన సంగతులే చెబుతారు. ఎన్ని కార్లు చూశాను, ఎంత పెద్దవాళ్ళు నా షెడ్డుకు వచ్చారు అనేవి మీకెందుకు? నాకు చెమటలు పట్టించినవి చెబుతాను. వాటితోనే మీకు పని పడుతుంది.

మా పని ఏమిటంటే

కారు గతుకులో పడితే కింద స్ప్రింగుల్లా ఉండే కమాన్ పట్టీలు వంగుతాయి, మళ్ళీ లేస్తాయి. వాటి మానాన వాటిని వదిలేస్తే కారు ఊగుతూనే ఉంటుంది, చక్రం నేల విడిచి ఎగురుతుంది. చక్రం నేల మీద లేనప్పుడు స్టీరింగు పట్టుకున్నా ఒకటే, వదిలేసినా ఒకటే. ఆ ఊపును అణిచేది షాక్ అబ్సార్బర్. షెడ్డు భాషలో షాకప్.

ఇప్పటి కార్లలో షాకప్ అంటే నూనె నిండిన గొట్టం. తొలినాటి కార్లలో చాలావాటికి గొట్టమూ లేదు, నూనే లేదు. రెండు ఇనుప చేతులు కత్తెరలా కలిసి ఉంటాయి. ఒక చేయి కారు చట్రానికి, ఇంకొకటి ఇరుసుకు. అవి కలిసేచోట ఇనుప పళ్ళేల నడుమ గుండ్రటి తోలు బిళ్ళలు, వాటిని బిగించి పట్టే ఒక నట్టు. కారు ఊగితే కత్తెర తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. తోలు ఒరుసుకుని ఆ ఊపును తినేస్తుంది. అందుకే ఆ తోలు పొడిగా ఉండాలి. నూనె తగిలిందా, అది పట్టు వదిలేస్తుంది.

తాతల నాటి కార్లను బాగు చేయించి ఊరేగింపులకు, ప్రదర్శనలకు తీసుకుపోయేవాళ్ళు ముందు మా దగ్గరికి వచ్చేవాళ్ళు. నాలుగు షాకప్‌లూ పనికొస్తాయా లేదా చెప్పడమే నా పని. మూడు పరీక్షలు చేసేవాణ్ణి. మొదట మడ్‌గార్డ్ మీద బరువంతా వేసి నొక్కి వదలడం. తర్వాత షాకప్ చేతిని ఇరుసు నుంచి విప్పి, పత్తి తూచే కొండి కాటా తగిలించి లాగడం. ఎంత బరువు దగ్గర చేయి కదులుతుందో కాటా చెబుతుంది. ఎడమదీ కుడిదీ ఒకటే చెప్పాలి. రెండూ బలహీనంగా ఉన్న కారును ఎలాగో అదుపు చేయవచ్చు. ఒక పక్క పట్టి, ఒక పక్క వదిలే కారు మనిషిని చంపుతుంది. మూడో పరీక్ష అరచేతిది. దాన్ని హిమాయత్‌నగర్ కారు దగ్గర నేర్చుకున్నాను.

హిమాయత్‌నగర్ కారు

అప్పటికి నేను యూసుఫ్ ఉస్తాద్ దగ్గర చేరి నాలుగేళ్ళు. హిమాయత్‌నగర్ పత్తి వ్యాపారి ఒకాయన తన పాత కారు అమ్ముతూ, పరీక్ష కోసం మా షెడ్డుకు తెచ్చాడు. కొనేవాడు కూడా వచ్చాడు, భార్యనూ పిల్లల్నీ వెంటబెట్టుకుని. ఉస్తాద్ నన్ను చూడమన్నాడు.

వెనక మడ్‌గార్డ్ నొక్కి వదిలాను. కారు ఒక్క ఊపు కూడా ఊగలేదు. నా ఆనందం చూడాలి! కాటా తీసే ఓపిక కూడా లేకపోయింది. "ఫస్ట్ క్లాస్" అని అందరికీ వినబడేలా అన్నాను.

ఉస్తాద్ కారెక్కి గోదావరి ఘాట్ దాకా పోయి, గతుకుల దారినే తిరిగి వచ్చాడు. దిగి, నా మణికట్టు పట్టుకుని నా అరచేతిని వెనక షాకప్ మీద అదిమాడు.

"ఎట్లున్నది?"

"సల్లగున్నది ఉస్తాద్."

"పని చేసిన చెయ్యి సల్లగుంటదారా? గింత దూరం పోయొచ్చింది, ఒరుసుకుంటే కాలాలె గద. ఇది కదుల్తలేదు. ముర్దా హై యే. సచ్చినోడు ఊగుతడా?"

విప్పి చూస్తే, రెండు పళ్ళేలకు అడ్డంగా ఎవరో మేకు దిగ్గొట్టారు. పైన గ్రీజూ మన్నూ మెత్తారు. చేతులు కదలవు కాబట్టి కారు ఊగదు, ఊగదు కాబట్టి నాలాంటి తెలివైనవాళ్ళు ఫస్ట్ క్లాస్ అంటారు. కొనేవాడి పిల్లలు అప్పటికే వెనక సీటెక్కి గంతులేస్తున్నారు. ఒక మనిషి ఆ మేకు కొట్టేటప్పుడు వెనక సీటులో ఎవరు కూర్చుంటారో ఆలోచించడా అని ఆ రోజంతా అన్నం సహించలేదు. కారు అమ్మే సేఠ్ మాత్రం ముఖంలో ఏ మార్పూ లేకుండా, "అరె, మా డ్రైవర్ చేసిండేమో" అని తలపాగా సర్దుకున్నాడు.

ఆ రోజు నుంచి కారును నడిపి వచ్చాక రెండు పక్కలా అరచేయి పెట్టి చూడకుండా ఏ కారునూ వదల్లేదు. రెండూ ఒకేలా వెచ్చగా ఉండాలి.

ఉస్తాద్ గురించి

యూసుఫ్ ఉస్తాద్ లాంటి పనివాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. కారు షెడ్డు గేటు దాటి వస్తుండగానే ఏ చక్రం దగ్గర జబ్బో చెప్పేవాడు. నేను తినే ముద్ద ఆయన పెట్టిందే. అయినా ఒక మాట చెప్పాలి, చెప్పకపోతే ఇది రాయడమే దండగ.

ఆయన్ను ఎవరూ ప్రశ్న అడగకూడదు. "ఎందుకు ఉస్తాద్?" అంటే పానా వచ్చి కాళ్ళ దగ్గర పడేది. కారు యజమాని అడిగినా అంతే. "డాక్టర్ సుయ్యి ఏస్తె గిట్లనే అడుగుతరా?" అని కసిరేవాడు. అందరూ భయపడేవాళ్ళు, ఆ భయాన్ని మేం గౌరవం అనుకున్నాం. ఆయన పోయాక షెడ్డు నా చేతికి వచ్చింది. ఆయన చేతి పనితనం నాకు సగం కూడా రాలేదు గాని, ఆ కసురు మాత్రం పూర్తిగా వచ్చింది. దాన్ని కూడా పనితనంలో భాగమే అనుకున్నాను.

రుక్మిణీబాయి

రుక్మిణీబాయిది దెగ్లూర్. మరాఠీ బడిలో హెడ్ మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది. ఇంట్లో మాలాగే తెలుగు. మా దగ్గర పంతులమ్మను బాయి అంటారు కాబట్టి ఊరంతటికీ ఆమె బాయే. పెళ్ళి చేసుకోలేదు. వకీలుగా ఉన్న తండ్రి నిజాం కాలంలో కొన్న పై కప్పు లేని కారు ఆమె వాటాకు వచ్చింది. అన్నదమ్ములు పొలాలు పంచుకుని, ఇనుప సామాను కదా అని దీన్ని ఆమెకు వదిలేశారు.

ఆ కారును ఆమె డ్రైవరుకు ఇచ్చేది కాదు. తనే నడిపేది. నేతచీర కొంగు నడుముకు బిగించి, కళ్ళజోడుకు దారం కట్టుకుని ఆమె దెగ్లూర్ బజారులో వస్తుంటే ఎస్టీ, అంటే సర్కారు బస్సు డ్రైవర్లు కూడా పక్కకు జరిగి దారి ఇచ్చేవాళ్ళు. అందులో సగం మంది ఆమె చేత చెవి మెలి పెట్టించుకున్నవాళ్ళే.

రెండేళ్ళ కిందట దసరాకు ముందు కారును మా షెడ్డుకు తెచ్చింది. నాలుగు షాకప్‌లకూ కొత్త తోలు బిళ్ళలు వేయించాలి. పండుగ నాడు సొంతంగా నడుపుకుని దెగ్లూర్ పోవాలని, జమ్మి ఆకు పంచడానికి అందరిళ్ళకూ కారులోనే పోవాలని ఆమె కోరిక. తమ్ముడి కొడుకు సంతోష్‌కు అది ఇష్టం లేదు. ఈ వయసులో కారేంటని ఏడాదిగా పోరుతున్నాడు. ఒక్క గీత పడినా తాళాలు తీసుకుంటానని ఆమెతో ముందే చెప్పాడట. ఆమె నాతో అన్నది కూడా:

"నర్సింలూ, నువ్వు సరే అంటెనే తీస్త. నీ మాట మీదనే నా తాళాలున్నయి."

నేను పని చేస్తున్నంతసేపూ పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. నట్టు అంతే బిగించావేం, కాటా అక్కడే ఎందుకు తగిలించావు, అన్నీ అడగడమే. అష్టమి నాటికి పని అయిపోయింది. కాటా నాలుగింటికీ సరిగ్గా చెప్పింది. కారు నడిపి వచ్చి చేయి పెడితే రెండు పక్కలూ ఒకేలా వెచ్చగా ఉన్నాయి. అప్పుడు కూడా ఆమె అడిగింది.

"మరి గా తోలుకు నూనె గిట్ల తగిల్తె ఏమైతది?"

నాకు చిరాకేసింది. షెడ్డులో పదిమంది ఉన్నారు, అందరూ వింటున్నారు. "బాయీ, బడిల మీరు చెప్తె మేం విన్నం. షెడ్డుల మేం చెప్తె మీరు వినుండ్రి. సరే అన్న గద, అంతే" అన్నాను. అందరూ నవ్వారు. ఆమె కూడా చిన్నగా నవ్వి ఊరుకుంది. మళ్ళీ ఏమీ అడగలేదు.

మర్నాడు ఖండే నవమి. తెలంగాణ వైపు ఆయుధ పూజ అంటారు. ఎప్పటిలాగే షెడ్డులో పూజ చేశాం. పండుగ దాకా నాందేడ్‌లోనే ఆగిన బాయి కూడా వచ్చి కొబ్బరికాయ కొట్టింది. దసరా పొద్దున కారు తీసుకుని బయలుదేరింది.

తాళాలు

దెగ్లూర్ ఇంకా కొంత దూరం ఉందనగా రోడ్డు మీద తారు లేచిపోయి వరసగా గతుకులు ఉన్నాయి. అక్కడ కారు వెనక భాగం ఎగురుతూ ఒక పక్కకు జరిగిపోయింది. స్టీరింగు తిప్పినా వినలేదు. కోతకు వచ్చిన చేనులోకి దూసుకుపోయి గట్టుకు తగిలి ఆగింది. ఆమె కాలర్ బోన్ విరిగింది, ఎడమ మణికట్టు విరిగింది. వెనక సీటు నిండా బంతిపూలే ఉన్నాయి కాబట్టి సరిపోయింది, మనుషులు ఉంటే ఏమయ్యేదో.

నేను ఆసుపత్రికి పరుగెత్తాను. ఆమె కట్టుతో పడుకుని ఉంది. నేను చూసిన కారు ఇలా చేయడానికి వీల్లేదు. మూడు పరీక్షలు, నా చేత్తో నేనే చేశాను! కారును లాగించి షెడ్డుకు తెప్పించి, వెనక ఎడమ షాకప్ నట్టు విప్పాను. పళ్ళేల మధ్య నుంచి నూనె కారింది. తోలు బిళ్ళ నానిపోయి వేలికి జారుతోంది. కుడి వైపుది మాత్రం దాదాపు పొడిగానే ఉంది.

అది చూడగానే నాకు ముందు కలిగింది ఏమిటో తెలుసా? ఊరట. దాచుకోకుండా చెబుతున్నాను. తప్పు నాది కాదు, ఎవరో నూనె పోశారు. ఎవరు పోసి ఉంటారు? పండుగ, పూజ, ఆడవాళ్ళు. ఇంకెవరు? ఇంటికి తీసుకుపోయే ముందు బాయే భక్తితో పోసి ఉంటుంది అని నాకు నేనే తేల్చేసుకున్నాను.

మళ్ళీ ఆసుపత్రికి పోయి, సంతోష్ ఎదురుగానే అడిగాను. "బాయీ, షాకప్‌కు నూనె పోసిండ్రా?"

ఆమె నా ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత కళ్ళు మూసుకుని, "కారెట్లున్నది?" అని మాత్రం అడిగింది. నేను దాన్ని ఒప్పుకోవడం అనుకున్నాను.

బయటికి వచ్చాక సంతోష్‌తో అన్నాను. "బండిల ఏం లోపం లేదు. బాయే పూజకు నూనె పోసినట్టున్నది."

"నేను గదే మొత్తుకుంటున్న కాకా! ఏది పొయ్యాల్నో ఏది పొయ్యద్దో తెల్వని మనిషికి బండేంది? తాళాలు నా దగ్గరనే ఉన్నయి. పుణె నుంచి ఒగాయన అడుగుతున్నడు, ఐతారం అచ్చి చూస్తడు. ఇచ్చేస్త."

నాకు పాపం అనిపించింది. పాపం అనుకుని, ఇంటికి వచ్చి అన్నం తిన్నాను.

వత్తి

ఆదివారం పుణె ఆయన చూడటానికి వస్తున్నాడు కాబట్టి, శుక్రవారం ఆ షాకప్‌ను శుభ్రం చేయడానికి కూర్చున్నాను. పళ్ళేన్ని గుడ్డతో తుడుస్తుంటే లోపలి అంచుకు ఏదో అతుక్కుని ఉంది. గోటితో లాగితే సగం కాలిన వత్తి. దూదితో పాటు ఎర్ర దారం మెలిపెట్టి ఉంది.

మధ్యాహ్నం అన్నం గిన్నె తెచ్చిన సుశీల అది చూసి ఆగింది.

"గిది నా వత్తి గదా. నవమి దీపానికి చేసిన. గీడికెట్లచ్చింది?"

ఎర్ర దారం వేసి వత్తి చేయడం ఆమె పుట్టింటి అలవాటు. నాందేడ్ మొత్తంలో ఇంకెవరింట్లోనూ నేను చూడలేదు.

మా నాన్న బిలోలి వైపు పల్లెలో కమ్మరి. నవమి నాడు దాగలికి, సుత్తికి, పట్టుకారుకు, ఇంట్లో ఉన్న ప్రతి ఇనుముకూ నూనె పెట్టేవాడు. ఆ రోజు ఇనుము ఒట్టిగా ఉంటే అలుగుతుందనేవాడు. దీపంలో మిగిలిన నూనెను నేల మీద పారబోయనిచ్చేవాడు కాదు. అది దేవుడి నూనె, ఆఖరి ఇనుము మీద వంచాలి. నా చిన్నప్పటి నుంచి ప్రతి ఏడూ నా చేతులు అదే చేస్తున్నాయి. షెడ్డులో పానాలు, జాకులు, దాగలి, వచ్చి ఉన్న బండ్లు, అన్నిటి కీళ్ళకూ ఎడమ చేతిలో గిన్నె పట్టుకుని కుడి బొటనవేలితో ఒక్కో బొట్టు. ఇప్పటి బండ్లకు దాని వల్ల ఏ నష్టమూ లేదు. అవన్నీ లోపల మూసి ఉంటాయి.

ఆ రోజు వరుసలో ఆఖరున ఉన్నది బాయి కారు. దాని వెనక ఎడమ పక్కే గోడ వైపు ఉంది. మిగతా మూడు షాకప్‌లకూ బొట్టు పెట్టాను. నాలుగోదాని మీద దీపం గిన్నె మొత్తం వంచాను, వత్తితో సహా. బాయి కారు కదా, ఇంకాస్త బాగా అని ప్రేమగా వంచాను. తోలుకు నూనె తగలకూడదని నలభై ఏళ్ళుగా అందరికీ చెబుతున్న నేను, నా చేత్తో, దండం పెట్టుకుంటూ పోశాను. చేస్తున్నట్టు నాకు తెలియనే లేదు.

కొయ్యబారిపోయి ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. సుశీల భయపడి నీళ్ళు తెచ్చి ముఖం మీద చల్లింది.

"ఏమైందయ్యా? వత్తే గదా!"

"బాయి చెయ్యి ఇరగ్గొట్టింది నేనే సుశీలా" అన్నాను. అని, పసిపిల్లాడిలా ఏడ్చాను.

తోలుకు నూనె తగిలితే ఏమవుతుందని ఆమె అష్టమి నాడు అడిగింది. జవాబు చెప్పి ఉంటే ఆ మాట నా చెవిన కూడా పడేది. నా నోటితో నేను అన్న మాట మర్నాటికి నా చేతిని ఆపేదేమో. నేను కసిరి కూర్చోబెట్టింది ఆమెనొక్కదాన్నే కాదు.

దెగ్లూర్‌లో

వత్తిని కాగితంలో పొట్లం కట్టుకుని మర్నాడు పొద్దున్నే దెగ్లూర్ బస్సెక్కాను. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చి, మెడకు కట్టు వేలాడుతుంటే బాయి వరండాలో కూర్చుని ఉంది. సంతోష్ కూడా ఉన్నాడు. ముందు అతనితోనే చెప్పాలనుకున్నాను, లేకపోతే నా నోరు మళ్ళీ తప్పించుకుంటుంది.

"సంతోష్, నేను నీకు అబద్ధం చెప్పిన. నూనె బాయి పొయ్యలె. నేను పోసిన. ఇగో, మా ఇంటి వత్తి."

అతను వత్తిని, నన్ను మార్చి మార్చి చూశాడు. "మీరు పోసుడేంది కాకా? మీకు తెల్వదా?"

"తెల్సు. తెల్సే పోసిన. పూజ చేస్తుంటే తెల్వలె."

బాయి ఏమీ ఆశ్చర్యపోలేదు.

"మీకు తెల్సా బాయీ?"

"నువ్వు గిన్నె వంచుతుంటె నేను పక్కనే నిలబడ్డ గద" అన్నది. "తోలుకు తగుల్తదేమో అని నోటిదాంక అచ్చింది. ముందు దినమే నువ్వు అంటివి, షెడ్డుల నువ్వు చెప్తె నేను వినాలని. సరే, ఆయనకు తెల్వదా అనుకుని ఊకున్న."

హిమాయత్‌నగర్ మేకు కూడా నన్ను అంత కొట్టలేదు. ఆ మేకు ఇంకెవడో కొట్టాడు.

"మరి దవాఖాన్ల అడిగినప్పుడు ఎందుకు చెప్పలె? తాళాలు పోతుంటె కూడ?"

"నువ్వు అడిగిన తీరు చూసిన. నీకు తెల్వకనే అడుగుతున్నవని సమజైంది. నేను చెప్తె సంతోష్ నీ షెడ్డు మీదికి పోతుండె. నీకు నువ్వు తెల్సుకుంటవేమో చూద్దామనుకున్న. బడిల గూడ గంతే, తప్పు లెక్క చేసినోన్ని నేను దిద్దేదాన్ని కాదు. పలక మల్ల వాని చేతికే ఇస్తుంటి." కాస్త ఆగి, "ఐతారం దాంక చూద్దామనుకున్న. నువ్వు శనారం అచ్చినవ్" అన్నది.

సంతోష్ పుణెకు ఫోన్ చేసి రావద్దన్నాడు. తాళాలు మాత్రం ఇవ్వలేదు. "చెయ్యి అతకాలె, కారు బాగు కావాలె, మల్ల నడిపి చూపియ్యాలె. గప్పుడు చూద్దాం" అన్నాడు. అది న్యాయమే. ఆ మాట మీద నాకు ఇప్పటికీ కోపం లేదు.

ఆ గతుకుల మీద

చలికాలం వెళ్ళేసరికి ఆమె ఎముకలు అతుక్కున్నాయి. నేను నాలుగు షాకప్‌లకూ మళ్ళీ తోలు మార్చాను. ఈసారి ఆమె అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పాను. కొన్నిటికి నాకు జవాబు తెలియలేదు, తెలియదనే చెప్పాను. నలభై ఏళ్ళలో ఆ షెడ్డులో ఆ మాట ఎవరూ విని ఉండరు. పనివాళ్ళు చేతిలో పని ఆపి నన్ను వింతగా చూశారు.

పరీక్ష రోజున సంతోష్ తాళాలు తెచ్చి బాయి చేతిలో పెట్టి ముందు సీటులో కూర్చున్నాడు. నేను రోడ్డు పక్క నిలబడి చూద్దామని పక్కకు జరిగాను.

"గాడ కాదు" అన్నది బాయి. "ఎనుక కూసో. ఎడమ పక్కకు."

ఎడమ వెనక చక్రం మీద, సరిగ్గా నా తప్పు మీద కూర్చున్నాను. అన్ని వందల కార్లు చూసినవాణ్ణి, నేను సరే అన్న ఒక్క కారులోనూ ఆ సీటులో కూర్చోలేదని అప్పుడు తట్టింది. పిల్లలూ, ఇదొక్కటి రాసి పెట్టుకోండి. మీరు ముద్ర వేసిన కారులో వెనక సీటు ముందు మీరెక్కండి.

గతుకులు వచ్చాయి. కారు కింద పడింది, లేచింది, ఒక్కసారి ఊగి నిలబడింది. మళ్ళీ పడింది, మళ్ళీ నిలబడింది. నా రెండు చేతులూ సీటు అంచును నలిపేస్తున్నాయి. పక్కనే ఆ చేను. కోత అయిపోయి ఖాళీగా ఉంది. బాయి స్టీరింగు మీద రెండు వేళ్ళు వేసి, చాక్‌పీసు పట్టుకున్నట్టు తేలిగ్గా నడుపుతోంది. గతుకులు దాటాక తల తిప్పకుండానే అడిగింది.

"చెప్పు నర్సింలూ, ఎట్లున్నది?"

ఫస్ట్ క్లాస్ అనే మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"ఆపుండ్రి బాయీ. దిగి చూసి చెప్దాం."

ఆమె ఆపింది. ముగ్గురం దిగాం. నేను వెనక చక్రం దగ్గర గొంతుకూర్చుని చేయి చాపబోయి వెనక్కి తీసుకున్నాను. పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చాను. ఆమె చీర సర్దుకుని వంగి, విరిగి అతికిన ఎడమ చేయి ఎడమ షాకప్ మీద పెట్టింది. తర్వాత నెమ్మదిగా అటు పక్కకు నడిచిపోయి అదే చేయి కుడి దాని మీద పెట్టింది. మళ్ళీ ఇటు వచ్చింది. మళ్ళీ అటు పోయింది.

"రెండు ఒక్కతీరుగ ఎచ్చగున్నయి" అన్నది. కొంగుతో చేయి తుడుచుకుని, సంతోష్ వైపు కాదు, నా వైపు చూసి అన్నది: "సరే."